అరసవల్లి సూర్యుడు, అరుంధతి, మా పాత ల్యాప్‌టాప్: స్టెల్లేరియం, గయా స్కైలపై ఒక సమీక్ష

రెండేళ్ల కిందట మా బడికి ఒక సంచార తారామండలం వచ్చింది. గాలి ఊది నిలబెట్టే నల్లగుడారం, లోపల ఒక ప్రొజెక్టరు, పిల్లవాడికి యాభై రూపాయలు, అరగంట ప్రదర్శన. గ్రహశకలాలు మీదికి దూసుకొస్తుంటే పిల్లలు పెట్టిన కేకలు ప్రధానోపాధ్యాయుల గదిదాకా వినిపించాయి. మర్నాడు తొమ్మిదో తరగతిలో సూర్యుడికీ భూమికీ మధ్య ఎంత ఎడం ఉంటుందో చేతులతో చూపించమంటే, ఒక కుర్రవాడు లేచి జానెడు చూపించాడు. వాడి తప్పేమీ లేదు, వాడు చూసిన బొమ్మలో అంతే ఉంది. సూర్యుణ్ణి ఓ చిన్న కొబ్బరికాయ అనుకుంటే భూమి ఆవగింజంత అవుతుంది. ఆ గింజను కాయకు 15 మీటర్ల దూరంలో, అంటే మా వరండా చివర పెట్టాలి. నెప్ట్యూన్‌ను పెట్టాలంటే 450 మీటర్లు నడిచి చెరువుగట్టు ఎక్కాలి. ప్రదర్శనలో కంకరగుట్టలా కనిపించిన గ్రహశకలాల పట్టీలో ఒక రాయికీ పక్కరాయికీ మధ్య నిజానికి లక్షల కిలోమీటర్ల ఖాళీ ఉంటుంది.

అందం కోసం దూరాలను మింగేసిన ఆ బొమ్మల స్థానంలో, కొలిచిన అంకెల మీదే నడిచే బొమ్మలు ఏవైనా దొరుకుతాయా అని వెదికి వెదికి చివరకు రెండు సాఫ్ట్‌వేర్ల దగ్గర ఆగాను. ఒకటి స్టెల్లేరియం, రెండోది గయా స్కై. రెండూ ఉచితమే, రెండూ ఓపెన్ సోర్సే. శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే నాకు, 8 జీబీ మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద ఏడాదిన్నరగా వాడిన తర్వాత, అవి ఎంతవరకు అక్కరకు వచ్చాయో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో చెప్పడానికే ఈ సమీక్ష.

స్టెల్లేరియంను ఫేబియన్ షెరో అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ 2000లో మొదలుపెట్టారు. ఆ తర్వాత ఎందరో స్వచ్ఛందంగా చెయ్యి కలిపినా, దానికి 1.0 అనే సంఖ్య వచ్చింది మాత్రం 2022 అక్టోబరులోనే. ఇరవై రెండేళ్లపాటు తమ పని ఇంకా పూర్తికాలేదనుకున్న వాళ్ల వినయం నాకు నచ్చింది. కంప్యూటరులో వేసుకున్న వెంటనే ఆరు లక్షలకు పైగా తారలతో ఆకాశం తెరుచుకుంటుంది. అయితే మొదటిసారి తెరిచినప్పుడు కింద కనిపించే పచ్చిక, చెట్లు ఫ్రాన్సులోని ఒక పల్లెవి. మన ఆకాశం కావాలంటే ఎఫ్6 మీట నొక్కి ఊరు మార్చుకోవాలి. నేను 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.9 డిగ్రీల తూర్పు రేఖాంశం అని చేత్తోనే కొట్టాను. నేల మాత్రం ఫ్రెంచి పల్లెదే ఉండిపోయింది. ఆ సంగతి మళ్లీ చెబుతాను.

ఈ సాఫ్ట్‌వేరు విలువ నాకు నిజంగా తెలిసింది అరసవల్లి విషయంలో. 7వ శతాబ్దంలో కళింగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పే ఆ సూర్యనారాయణస్వామి గుడిలో ఏటా మార్చి 9, 10, 11 తేదీల ప్రాంతంలోనూ, అక్టోబరు 1, 2, 3 తేదీల ప్రాంతంలోనూ ఉదయకిరణాలు ద్వారాలన్నీ దాటివచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. మా జిల్లాలో ఈ మాట తెలియనివాళ్లు ఉండరు. ఆ రోజుల్లో తెల్లవారకముందే అనివెట్టి మండపంలో జనం కిక్కిరిసి ఉంటారు, మబ్బు పడితే ఉసూరుమంటూ వెనుదిరుగుతారు. కానీ ఎందుకు ఆ తేదీలే, ఎందుకు ఏడాదికి రెండుసార్లు, ఎందుకు రెండు మూడు రోజులే అని పిల్లలు అడిగినప్పుడు నల్లబల్ల మీద వృత్తాలు గీసి చెప్పిన నా సమాధానం ఎవరికీ ఎక్కిన జాడ లేదు.

తెరమీద మూడు నిమిషాలు పట్టింది. మార్చి 10 ఉదయం పెట్టి, సూర్యుడి మీద నొక్కితే పక్కన అంకెలు వరుసగా కనిపిస్తాయి. భూమధ్యరేఖకు నేరుగా పైనుండే గీత నుంచి సూర్యుడు ఎంత ఉత్తరంగానో దక్షిణంగానో ఉన్నాడో చెప్పే క్రాంతి సుమారు మైనస్ 4 డిగ్రీలు, అంటే దక్షిణంగా. ఉదయించే చోటు సరిగ్గా తూర్పుకు నాలుగు డిగ్రీల పైచిలుకు దక్షిణంగా. తర్వాత సమానగుర్తు మీట నొక్కుతూ పోతే ఒక్కో నొక్కుకు ఒక్కో రోజు గడుస్తుంది. సూర్యుడు దిగంతం మీద ఉత్తరంగా అడుగులు వేసుకుంటూ వెళ్లి, జూన్ చివరి వారానికల్లా తూర్పుకు దాదాపు 25 డిగ్రీల ఉత్తరాన ఆగి, వెనుదిరిగి, సెప్టెంబరు 23 ప్రాంతంలో నడితూర్పు దాటి, అక్టోబరు 2, 3 తేదీలకు మళ్లీ ఆ మార్చి చోటికే వచ్చి నిలబడ్డాడు. పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే మార్చి విషువత్తుకు పది రోజులు ముందు, సెప్టెంబరు విషువత్తుకు పది రోజులు తర్వాత. అంతే లెక్క. వెనకబెంచీలో కూర్చున్న ఒక పిల్ల, "అయితే మాస్టారండీ, సూర్యుడు వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి మన గుడి ముందు నుంచి పోతాడన్నమాట" అంది. నా నల్లబల్ల వృత్తాలన్నిటికంటే ఆ వాక్యం మెరుగు.

రెండు మూడు రోజులే ఎందుకన్నది ఇంకా బాగుంది. విషువత్తుల దగ్గర ఉదయబిందువు రోజుకు సుమారు 0.4 డిగ్రీలు జరుగుతుంది. సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ. అంటే రోజు తిరిగేసరికి సూర్యుడు తన వెడల్పులో ముప్పాతికకు పైగా పక్కకు జరిగిపోతాడు. సన్నని ద్వారాల వరుసలోంచి వచ్చే వెలుగు మూడోనాటికి గురి తప్పక ఏం చేస్తుంది? అదే జూన్ చివర మీట ఎన్నిసార్లు నొక్కినా సూర్యుడు కదిలినట్టే ఉండడు. ఈ తేడాను పాఠ్యపుస్తకంలోని నిశ్చలచిత్రం ఎంత గీసినా చూపించలేదు, కదలికే చూపించాలి.

ఇక నేను ఊహించనిది ఒకటి బయటపడింది. మార్చి 11న మా ఊళ్లో సూర్యోదయం 6 గంటల 6 నిమిషాల ప్రాంతంలో ఉంటే, అక్టోబరు 3న 5 గంటల 46 నిమిషాల ప్రాంతంలోనే ఉంది. దిక్కు అదే, క్రాంతి అదే, గడియారంలో మాత్రం ఇరవై నిమిషాల తేడా. భూకక్ష్య సరిగ్గా గుండ్రంగా లేకపోవడం, భూమి అక్షం వాలి ఉండడం వల్ల సూర్యుడు గడియారం కంటే ఒకసారి వెనకబడి ఒకసారి ముందుకు పోతుంటాడని చదువుకున్నదే. అరసవల్లి భక్తులు అక్టోబరులో ఇంకాస్త ముందుగా లేవాల్సి రావడానికి కారణం అదేనని మాత్రం నాకు ఏనాడూ తట్టలేదు.

సంక్రాంతి సెలవులకు ముందు మరో చిక్కు వచ్చింది. జనవరి 14న సూర్యుడు ఎక్కడున్నాడో చూడమంటే తెరమీద ధనుస్సు అని వచ్చింది. మకర సంక్రాంతి రోజున సూర్యుడు ధనుస్సులో ఉండడమేమిటని పిల్లలు గోల. ఇందులో పంచాంగం తప్పూ లేదు, సాఫ్ట్‌వేరు తప్పూ లేదు. పంచాంగం క్రాంతివృత్తాన్ని, అంటే ఏడాదిలో సూర్యుడు తారల మధ్య నడిచే దారిని, 30 డిగ్రీల చొప్పున పన్నెండు సమభాగాలు చేస్తుంది. స్టెల్లేరియం చూపే సరిహద్దులు అంతర్జాతీయ ఖగోళ సంఘం నిర్ణయించి 1930లో అచ్చువేసినవి, వాటిలో తారాగణాలు ఒకటి పెద్ద, ఒకటి చిన్న. ఆ గీతల ప్రకారం సూర్యుడు మకరంలోకి వెళ్లడానికి మరో ఐదారు రోజులు పడుతుంది. ఉపాధ్యాయులు ఈ సంగతి ముందే తెలుసుకుని తెర తెరవడం మంచిది, లేకపోతే నాలాగే పిల్లల ముందు తడుముకోవాల్సి వస్తుంది.

పంచాంగంతో పొత్తు కుదిరిన సందర్భమూ ఉంది. 2024 డిసెంబరు నుంచి 2025 ఫిబ్రవరి దాకా కుజుడు వక్రించాడు. మా ఇంటి పెద్దవాళ్లు కుజుడు కర్కాటకం వదలడం లేదని అనుకుంటున్న రోజులవి. గ్రహాల జాడలు గీసే ఎంపికను పెట్టి రోజులు గబగబా నడిపిస్తే, కుజుడు పుష్యమి దగ్గర ఆగి, వెనక్కి మళ్లి, పునర్వసు తారల దాకా వచ్చి, మళ్లీ ముందుకు తిరగడం ఒక మెలికలా తెరమీద పడింది. జాతీయ రహదారి మీద మన బస్సు లారీని దాటుతున్నప్పుడు లారీ వెనక్కి పోతున్నట్టు కనిపించడమే ఇదీ. సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో పోయే భూమి, 24 కిలోమీటర్ల వేగంతో పోయే కుజుణ్ణి దాటిపోయింది.

స్వవిషయం ఒకటి చెప్పుకోనివ్వండి. 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం నాడు మమ్మల్ని గదిలో పెట్టి తలుపులు వేసి, కిటికీ సందులకు గుడ్డలు కుక్కారు. అప్పుడు నాకు ఏడేళ్లు. ఆ తేదీని, మా ఊరిని పెట్టి, ఆ మధ్యాహ్నాన్ని ఒక రాత్రి ఒంటరిగా నడిపించుకున్నాను. మూడు గంటలు దాటాక సూర్యబింబం దాదాపు పూర్తిగా చంద్రుడి వెనక్కి వెళ్లింది, తెరమీది ఆకాశం చీకటిపడింది. నలభై ఐదేళ్లు ఆలస్యంగానైనా చూశానన్న తృప్తి ఉంది, తెర వెలుతురులో చీకటి చూడడమేమిటన్న వెలితీ ఉంది.

తెరను నమ్మేముందు ఆకాశంతో సరిచూసుకోవాలన్నది నా పట్టుదల. అందుకే జనవరిలో పదోతరగతి పిల్లలను తల్లిదండ్రుల అనుమతితో కళింగపట్నం తీసుకువెళ్లాం. ధ్రువతార మన ఉత్తరాన 18 డిగ్రీల ఎత్తులో ఉంటుందని, దక్షిణాన అగస్త్య నక్షత్రం ఎంత ఎక్కినా 19 డిగ్రీలు దాటదని స్టెల్లేరియం చెప్పింది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే సుమారు పది డిగ్రీలు. ఇసుకలో నిలబడి ఉత్తరాన రెండు పిడికిళ్లు ఒకదానిమీద ఒకటి పెడితే పైన ధ్రువతార. వెనక్కి తిరిగి దక్షిణాన రెండు పిడికిళ్లు పెడితే పైన అగస్త్యుడు. ఇద్దరూ దాదాపు ఒకే ఎత్తులో, మధ్యలో మేము. అది మన అక్షాంశం చేసిన ఏర్పాటు.

గయా స్కై దారి వేరు. స్టెల్లేరియం నేల మీద నిలబెట్టి పైకి చూపిస్తే, ఇది నేల వదిలించి తారల మధ్యకు తీసుకుపోతుంది. ఐరోపా అంతరిక్ష సంస్థ 2013 డిసెంబరు 19న ప్రయోగించిన గయా ఉపగ్రహం భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉండి, 2025 జనవరి దాకా తారల స్థానాలను కొలుస్తూ పోయింది. 2022 జూన్ 13న విడుదలైన మూడో పట్టికలో సుమారు 180 కోట్ల తారలున్నాయి. ఆ పట్టికను అంకెలుగా చదివి ఎవరూ ఏమీ తెలుసుకోలేరు. జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో తయారైన ఈ సాఫ్ట్‌వేరు ఆ అంకెలనే త్రిమితీయంగా అమర్చి, మనల్ని వాటి మధ్య తిప్పుతుంది.

మా పిల్లలకు నేను చూపించింది సప్తర్షి మండలం. పెళ్లిలో అరుంధతిని చూడమంటే ఎవరికీ కనిపించకపోయినా కనిపించిందని తలూపడం మన ఆనవాయితీ కనుక, ముందు వసిష్ఠుడిని, పక్కనే అరుంధతిని గుర్తుపట్టించాను. తర్వాత చూపును నెమ్మదిగా పక్కకు తిప్పాను. భూమి నుంచి గరిటెలా కనిపించే ఆకారం క్షణాల్లో విరిగిపోయింది. ఒక కొసన ఉన్న క్రతువు సుమారు 123 కాంతి సంవత్సరాల దూరానికి, మరో కొసన ఉన్న మరీచి సుమారు 104 కాంతి సంవత్సరాల దూరానికి జరిగిపోగా, మధ్యలోని ఐదుగురు మాత్రం 80 కాంతి సంవత్సరాల ప్రాంతంలోనే ఒక జట్టుగా నిలబడ్డారు. అది నిజమైన జట్టే; ఒకే మేఘంలో పుట్టి, ఒకే దిక్కుకు కలిసి పోతున్న తారలవి. అరుంధతీ వాళ్లతోనే వెళుతోంది. కాలాన్ని వేల ఏళ్లు ముందుకు తోస్తే ఆ కొసలు రెండూ వేరే దారి పట్టి, మధ్యవాళ్లు తమ వరుస చెడకుండా సాగిపోవడం కనిపించింది. తరగతిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక చెయ్యాలి. సప్తర్షులంతటి వెలుగున్న తారలు గయా కంటికి మిరుమిట్లు. అలాంటివాటికి 1989 నుంచి 1993 దాకా పనిచేసిన హిప్పార్కస్ అనే పాత ఉపగ్రహం కొలతలే ఆధారం. గయా స్కై అనే పేరు చూసి తెరమీద ఉన్నదంతా గయా కొలిచిందేనని అనుకోకూడదు. దానికంటే ముఖ్యమైన సంగతి దూరాల్లోని అనిశ్చితి. భూమి సూర్యుడి చుట్టూ తిరిగేకొద్దీ దగ్గరి తార వెనకున్న తారల మీద కొద్దిగా అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది. ఆ జరుగుబాటును బట్టే దూరం కడతారు. తార దూరమైనకొద్దీ జరుగుబాటు చిన్నదవుతుంది, కొలతలోని పొరపాటు వాటా పెరుగుతుంది. అందుకే ఈ సాఫ్ట్‌వేరులో పొరపాటు తక్కువున్న తారలను మాత్రమే ఏరిన చిన్న సమాచారపు మూటలు, ఎక్కువున్నవాటినీ చేర్చిన పెద్ద మూటలు వేరువేరుగా దొరుకుతాయి. పొరపాటు ఎక్కువున్న తారలు కలిసినప్పుడు అవి మన సూర్యుడి వైపే గురిపెట్టిన పుల్లల్లా సాగి కనిపించవచ్చు. ఆకాశంలో అలాంటి పుల్లలేమీ లేవు. విశ్వమంతా మనల్నే వేలెత్తి చూపిస్తున్నట్టు కనిపిస్తే అనుమానించాల్సింది మన కొలతబద్దనే. తెరమీది ప్రతి చుక్కా ఒకే నమ్మకంతో మెరుస్తుంది, దాని వెనకున్న అంకెల నమ్మకం మాత్రం ఒకటి కాదు. ఈ తరహా బొమ్మలన్నిటిలో నాకు కనిపించే అసలు లోపం ఇదే.

మూటలు చిన్నవి అన్నాను కానీ, పెద్దవి అనేక గిగాబైట్లుంటాయి. మా బడి ఇంటర్నెట్ మీద ఆశ వదులుకుని, పట్నంలో మిత్రుడి ఇంట రాత్రంతా దించుకుని పెన్‌డ్రైవులో తెచ్చుకున్నాను. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని నా ల్యాప్‌టాప్ ప్రాథమిక మూటతో సాఫీగానే నడిచింది, పెద్దదానితో ఫ్యాను హోరెత్తించి బొమ్మను ఎడ్లబండిలా ఈడ్చింది. ఇది నా యంత్రం పేదరికమే తప్ప సాఫ్ట్‌వేరు తప్పు కాదు. స్టెల్లేరియంకు ఈ బాధ లేదు, బడికి వచ్చిన పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తోంది. ఫోన్లో దొరికే స్టెల్లేరియం వేరు. దానిలో కొన్ని సదుపాయాలకు డబ్బు కట్టాలి, తరగతికి కంప్యూటరుదే చాలు.

మీటల విషయంలో స్టెల్లేరియం నేర్చుకోవడం తేలిక. ఎల్ నొక్కితే కాలం వేగం పుంజుకుంటుంది, జె నొక్కితే తగ్గుతుంది, కె నొక్కితే మామూలు నడకకు వస్తుంది. కొత్తవాళ్లు ఎల్ మీద వేలు ఆనించి వదలరు, సూర్యచంద్రులు బొంగరాల్లా తిరిగి తరగతి నవ్వుల్లో మునిగిపోతుంది. అంత వేగంలో ఎవరికీ ఏదీ అర్థంకాదు. రోజుకు ఒక నొక్కు, నొక్కుకు ఒక అంకె నోట్సులో రాసుకోవడం, ఇదే మాకు పనికొచ్చిన పద్ధతి. గయా స్కైలో మాత్రం మౌసుతో తిరగడం అలవాటుకావడానికి నాకే వారం పట్టింది, పిల్లల చేతికి ఇస్తే రెండు నిమిషాల్లో పాలపుంత బయటికి పోయి దారి తప్పుతారు. అందుచేత స్టెల్లేరియం ప్రతి బడికీ సిఫారసు చేస్తాను. గయా స్కైని ముందుగా ఇంట్లో సాధన చేసుకున్న ఉపాధ్యాయుడికి, కాస్త మంచి కంప్యూటరు ఉంటేనే.

మొదట్లో వదిలేసిన ఫ్రెంచి పల్లె సంగతి. గత ఫిబ్రవరిలో మా పిల్లలు బడి మేడ మీద నుంచి రోజూ సూర్యుడు ఏ తాటిచెట్టు పక్కన తొంగిచూస్తున్నాడో నోట్సులో గుర్తుపెట్టారు. తెరతో పోలిస్తే ప్రతిరోజూ ఒక డిగ్రీ దక్షిణంగా వస్తోంది. మొదట మా కొలతే తప్పనుకున్నాం. తీరా చూస్తే మా తూర్పున తోపు అడ్డం. సూర్యుడు మూడు డిగ్రీలు పైకెక్కితే గానీ మాకు కనిపించడు, మన అక్షాంశంలో సూర్యుడు నిటారుగా కాక దక్షిణానికి వాలి ఎక్కుతాడు కనుక ఆ మూడు డిగ్రీలు ఎక్కేలోగా రెండు బింబాల వెడల్పున పక్కకు జరిగిపోతాడు. స్టెల్లేరియంలో దిగంతాన్ని మనమే గీసుకునే వీలుంది. ఏ దిక్కున ఎంత ఎత్తు అడ్డం ఉందో వరుసగా రాసి ఇస్తే చాలు. కోణమానినికి దారం, దారానికి ఒక నట్టు కట్టి, ఫోనులోని దిక్సూచి పట్టుకుని నలుగురు పిల్లలు రెండు సాయంకాలాలు కొలిచారు. ఇప్పుడు మా తెరమీద ఫ్రాన్సు చెట్లు లేవు. తూర్పున తాటితోపు, ఆగ్నేయాన నీళ్ల ట్యాంకు, దక్షిణాన సెల్ టవరు గీతగా కనిపిస్తాయి. సెల్ టవరు ఎత్తు రెండు డిగ్రీలు ఎక్కువ పడిందని కొలిచిన పిల్లవాడే చెప్పాడు, సోమవారం దిద్దుతాడు.